ప్రదర్శనల సంఖ్య: సున్నా

నగరపాలక కార్యాలయంలో ఆమెను అందరూ చెవులక్క అనేవారు. పద్దెనిమిదేళ్లు నీటి విభాగంలో పనిచేసింది. ఇనుప కడ్డీ ఒక కొస నేలకు ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని, రోడ్డు కింద పైపు ఎక్కడ కారుతోందో ఇట్టే చెప్పేసేది. మోకాలు మొరాయించింది. ఇక వీధుల్లో వంగి తిరగడం కుదరదని డాక్టరు తేల్చేశాడు. దాంతో ఆమెను రెండో అంతస్తులోని కళల విభాగానికి బదిలీ చేశారు. పాటలూ నాటకాలూ అంటే ఆమెకు గిట్టకపోవడమేం లేదు. అలాగని పనిగట్టుకుని వెళ్లి చూసిందీ లేదు.

మొదటిరోజే సెక్షన్ హెడ్ పదకొండు ఫైళ్లు తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు.

"వీళ్లంతా నగరం ఇచ్చే సాయానికి దరఖాస్తు పెట్టినవాళ్లు. ఒక్కొక్కళ్ల దగ్గరికీ వెళ్లి, నిజంగా పని చేస్తున్నారో లేదో చూసి రాయాలి. ఈసారి కౌన్సిల్లో కోత తప్పదంటున్నారు. కాస్త గట్టిగా రాయండి."

ఆమె ఫారం తిరగేసింది. చిట్టచివరి గడి దగ్గర వేలు ఆగింది. ప్రజలకు ఉపయోగం.

"ఇక్కడేం రాయాలి సార్?"

"పోయినేడు రాసింది చూసి రాసెయ్యండి."

పోయినేటి ఫైళ్లు తీసి చూసింది. అన్నింటిలోనూ ఒకటే వాక్యం: సాంస్కృతిక వికాసానికి దోహదపడును. చెవులక్క తల గోక్కుంది. పైపు కారితే ఏ వీధి, ఎంత లోతు, ఎన్ని ఇళ్లకు నీళ్లు ఆగాయి అని రాసేవాళ్లు. ఈ వాక్యంలో వీధీ లేదు, ఇల్లూ లేదు.

ఆ సాయంత్రం ఇంట్లో టీ తాగుతూ అత్తగారికి చెప్పింది. అత్తగారు ముప్పై ఏళ్లు ఆస్పత్రి లాండ్రీలో పనిచేసి రిటైరైన మనిషి. కాళ్లు నొప్పి పుట్టి గడప దాటడం మానేశాక, కోడలు బయట చూసొచ్చిందే ఆవిడకు పేపరూ, రేడియో.

"అదంతా సరేగానీ, వాళ్లకి ఇవ్వకపోతే ఏమవుతుందే?" అంది అత్తగారు.

"ఏమో అత్తయ్యా."

"అదే కనుక్కో. మా లాండ్రీ ఎందుకో ఎవడికీ తెలిసేది కాదు, ఒక్కరోజు మిషన్లు ఆగేదాకా."

మర్నాడు చెవులక్క ఒక బడికి వెళ్లింది. బడి కింద నేలమాళిగలో పిల్లల వాద్యబృందం సాధన చేస్తోంది. వయొలిన్లు నేర్పే టీచరమ్మ ఒక్కో పెట్టె తెరిచి చూపించింది. ఒక పెట్టెలో వయొలిన్ మెడకు దారంతో పసుపు రంగు కాగితం ముక్క కట్టి ఉంది. దాని మీద ఎడమకు వాలిన అక్షరాలు: 'మూడో తీగ ఎక్కువ బిగించకండి. దీనికి భయం ఎక్కువ.' చెవులక్కకు నవ్వొచ్చింది. ఎవరు రాశారో అడగాలనుకునేలోపు గంట కొట్టారు, పిల్లలంతా ఒక్కసారిగా మెట్లమీద పడ్డారు.

తర్వాతి వారం ఒక నాటక బృందం దగ్గరికి వెళ్లింది. తెర వెనక మూల నిలబెట్టిన పాత గిటారుకు అలాంటిదే పసుపు ముక్క: 'కిటికీ పక్కన పెట్టొద్దని పోయినసారే చెప్పాను.' అక్షరాలు అలాగే ఎడమకు వాలి ఉన్నాయి. ఆ తర్వాత నాట్యం నేర్పే బడిలో, పియానో మూత ఎత్తి చూపిస్తుంటే లోపల ఇంకొకటి: 'ఎలుక గూడు తీసేశాను. ఎలుక కూడా పాపం, మంచి చోటే ఎంచుకుంది.'

ఇక చెవులక్క ఆగలేకపోయింది.

"ఎవరండీ ఈయన?"

నాట్యం టీచరు వింతగా చూసింది. "రిపేరు మావయ్య. మీకు తెలీదా?" సూర్యుడు ఎటు పొడుస్తాడో తెలియదా అన్నట్టుంది ఆ అడగడం.

బస్సులో తిరిగొస్తూ పదకొండు ఫైళ్లూ మనసులో తిరగేసింది. అందులో రిపేర్లు చేసేవాడెవడూ లేడు. ఆఫీసుకు చేరగానే నేరుగా తిరస్కరించిన దరఖాస్తుల బీరువా దగ్గరికి వెళ్లింది. దుమ్ముకు తుమ్ముతూ వెతికితే ఒకటి కాదు, వరసగా మూడేళ్లవి మూడు దొరికాయి. మూడింటి మీదా ఎడమకు వాలిన అక్షరాలే. ఎన్ని ప్రదర్శనలిచ్చారు అన్న ప్రశ్నకు ఆయన మూడుసార్లూ నిజాయితీగా సున్నా చుట్టాడు. దాని కింద ఆఫీసువాళ్ల ఎర్రసిరా: ప్రదర్శనల సంఖ్య: సున్నా. అర్హత లేదు.

బస్సు డిపో వెనక నగరపాలక సంస్థ అద్దెకిచ్చే రేకుల షెడ్లు వరసగా ఉంటాయి. దరఖాస్తులోని అడ్రసు ప్రకారం ఆయనది చివరిది. తలుపు తోయగానే జిగురు వాసన, చెక్కపొట్టు వాసన కలిసి ముక్కుకు తగిలాయి. పైన తీగ మీద బట్టలారేసినట్టు వయొలిన్లు వేలాడుతున్నాయి. కిటికీ కింద బల్ల దగ్గర ఒక సన్నపాటి పెద్దాయన భూతద్దం కంటికి బిగించుకుని గిటారు తీగలు ఆనే వంతెన చెక్కను అరగదీస్తున్నాడు. పక్కన స్టూలు మీద మరో భారీ మనిషి కూర్చుని టీ తాగుతున్నాడు.

"కాళ్లు జాగ్రత్తమ్మా, కింద మేకులున్నాయి," అన్నాడు పెద్దాయన తల ఎత్తకుండానే.

ఆమె తనెవరో చెప్పింది. భారీ మనిషి టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"వచ్చారా! మూడేళ్లకి వచ్చారు. పర్లేదు, మా బస్సులకన్నా నయం."

ఆయన రిటైరైన బస్సు డ్రైవరు. తనకన్నా పొడుగైన వాయిద్యం ఒకటి ఉంది ఆయనకి. బాగా వాయిస్తాడని ఎవరూ అనరు గానీ, మానమనీ అనరు. ఊళ్లో అందరూ ఆయన్ని రెండు నిమిషాలన్న అంటారు. కౌన్సిల్ సమావేశంలో మామూలు జనం ఎవరైనా లేచి రెండు నిమిషాలు మాట్లాడొచ్చు. ఆయన పదకొండేళ్లుగా ఒక్క సమావేశం మానకుండా వెళ్లి, కళలవాళ్ల తరఫున ఆ రెండు నిమిషాలూ వాడుకుంటున్నాడు. సాయం కోసం తిరిగేవాళ్లకి ఎలా మాట్లాడాలో శనివారాలు ఈ షెడ్డులోనే నేర్పుతాడు.

"మావాళ్లు లేచి నిలబడగానే కళ గొప్పదనం ఎత్తుకుంటారు చెల్లెమ్మా. అది మొదలయ్యేసరికే టైమైపోతుంది. నీ బాధ చెప్పకు, నీ పని చెప్పు అంటాను. వింటేగా!"

"మీరెందుకు దరఖాస్తు పెట్టారండీ?" అని చెవులక్క పెద్దాయన్ని అడిగింది.

ఆయన భూతద్దం తీసి కళ్లు నులుముకున్నాడు. "నాకు అరవై తొమ్మిది. కుడి కన్ను మసకేస్తోంది. ఇద్దరికి పని నేర్పాలి. నేర్చుకునేవాళ్లు మూడేళ్లపాటు తినాలి కదమ్మా. ఇంకోటి, ఈ షెడ్డు అద్దె బయటి రేటుకు పెంచుతామని కాగితమొచ్చింది. బడిపిల్లల దగ్గర నేను బయటి రేటు తీసుకోనుగా."

"మరి ప్రదర్శనల దగ్గర సున్నా ఎందుకు రాశారు? ఏదో ఒకటి రాసుండొచ్చుగా?"

"నేను ప్రదర్శన ఇవ్వను కదా," అన్నాడాయన, ఆ ప్రశ్నే అర్థం కానట్టు.

ఆ మాట ఆమెకు ఎంతో నచ్చింది. ఎందుకు నచ్చిందో బస్సెక్కాక కూడా ఆలోచిస్తూనే ఉంది.

మర్నాటి నుంచి పదకొండు దరఖాస్తుదారులకీ ఫోన్లు చేసింది. చూసొచ్చినవాళ్లను కూడా వదల్లేదు. 'మీ వాయిద్యాలు ఎవరు బాగుచేస్తారు? ఆయన మానేస్తే ఏం చేస్తారు?' ఆ రెండే ప్రశ్నలు. తొమ్మిది మంది ఒకే మనిషిని చెప్పారు. మిగిలిన ఇద్దరికి వాయిద్యాలే లేవు. రెండో ప్రశ్నకు మాత్రం చాలామంది నీళ్లు నమిలారు. బడి టీచరమ్మ ఒక్కతే సూటిగా చెప్పింది: "పక్క నగరానికి పంపాలండీ. పంపే స్తోమత ఉన్న పిల్లలే వాయిస్తారు. మిగతావాళ్లు మానేస్తారు. నా దగ్గర నలభై మంది ఉన్నారు, పన్నెండు మంది మిగులుతారేమో."

ఆ రాత్రి భోజనాల దగ్గర అత్తగారికి ఆ లెక్క చెబితే, ఆవిడ చెయ్యి ఆపి, "అదిగో, దొరికింది నీ గడి," అంది.

చెవులక్క పన్నెండో రిపోర్టు రాసింది. ఎవరూ అడగని రిపోర్టు. సెక్షన్ హెడ్ చదివి పెదవి విరిచాడు.

"ఈ ప్రశ్న మన ఫారంలో లేదు కదా. లేని గడి ఎక్కణ్నించి తెచ్చారు?"

"వెనక పేజీ ఖాళీగా ఉంది సార్."

"రూలు ప్రకారం..." అంటూ మొదలుపెట్టి, మళ్లీ ఆ పేజీలోకే చూశాడు. కాసేపటికి గొంతు తగ్గించి, "గిటార్లు కూడా చూస్తాడా? మా ఇంట్లో ఒకటుంది, మెడ వంగిపోయింది," అన్నాడు. ఆ సాయంత్రానికి పన్నెండో రిపోర్టు మిగతా వాటితోపాటు కౌన్సిల్‌కు వెళ్లిపోయింది.

సమావేశం రోజు హాలు కిక్కిరిసింది. ఉద్యోగులు మాట్లాడకూడదు కాబట్టి చెవులక్క వెనక వరసలో కూర్చుంది. కోతను సమర్థించే సభ్యుడొకడు, రోడ్లు గుంతలు పడి ఉంటే ఆటపాటలకు ఖర్చేమిటని గట్టిగా వాదించాడు. ఆమెకు ఆ మాట తప్పనిపించలేదు. ఆ గుంతల్లో సగం తను చూసినవే. పాపం, తమవైపు మాట్లాడటానికి లేచినవాళ్లేమో రెండు నిమిషాలన్న భయపడ్డట్టే చేశారు. ఇద్దరు వరసగా కళ గొప్పదనం మొదలుపెట్టి మధ్యలోనే గంట కొట్టించుకుని కూర్చున్నారు. ఆయన నెత్తి కొట్టుకున్నాడు.

తర్వాత రిపేరు మావయ్యను పిలిచారు. చేతిలో రెండు నిమిషాలన్న రాసిచ్చిన కాగితం ఉంది. మైకు ముందు నిలబడి దాన్ని విప్పాడు. చదవబోయాడు. నోరు పెగల్లేదు. కన్ను మసకేసిందో, అంతమందిని చూసి బెదిరాడో తెలియదు. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి.

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ముందు వరసలో ఉన్న టీచరమ్మ వైపు తిరిగి, "అమ్మా, ఆ బొంగురుది తెచ్చారా?" అన్నాడు. సమావేశం అయ్యాక ఆయనకు చూపిద్దామని ఆవిడ ఒక వయొలిన్ వెంట తెచ్చుకుంది. "ఒక్కసారి వాయించండి."

ఆవిడ లేచి కమాను లాగింది. జలుబు చేసినవాడు పాడినట్టు వచ్చింది శబ్దం. ఆయన వయొలిన్ అందుకుని, జేబులోంచి వంకర తిరిగిన సన్నటి ఉక్కు కడ్డీ తీసి, పైచెక్క మీది సందులోంచి లోపలికి పోనిచ్చాడు. కళ్లు మూసుకున్నాడు. మసక కన్నుతో ఇక పనిలేదు. వేళ్లు మెల్లగా, అతి మెల్లగా కదిలాయి. లోపల ఏదో టక్కుమంది.

"లోపల ఒక చిన్న పుల్ల ఉంటుంది," అన్నాడు, తన బల్ల దగ్గర మాట్లాడినట్టే. "జిగురు కూడా పెట్టం. ఒత్తిడికి అలా నిలబడి ఉంటుంది. వెంట్రుకంత జరిగినా గొంతు పోతుంది. ఇప్పుడు వాయించండమ్మా."

ఆవిడ మళ్లీ అదే స్వరం లాగింది. ఈసారి శబ్దం హాలు చివరి వరస దాకా నిండుగా వచ్చింది. గుంతల సభ్యుడు తన కాగితాల మీంచి తలెత్తాడు.

"అంతేనండీ. ఇదే నా పని," అని ఆయన కూర్చున్నాడు. ఇంకా ఇరవై సెకన్లు మిగిలే ఉన్నాయి.

ఎవరో చప్పట్లు కొట్టబోతే అధ్యక్షురాలు చెయ్యెత్తి ఆపింది. ఆపి, తనే అడిగింది: "ఆ పుల్ల ఎక్కడ ఉండాలో మీకెలా తెలుస్తుంది?"

"నలభై ఏళ్లు పట్టిందమ్మా తెలియడానికి. నేర్పితే ఇంకొకళ్లకి పదేళ్లలో తెలుస్తుంది."

అధ్యక్షురాలు పన్నెండో రిపోర్టు తీయించి, అందులోని నలభై, పన్నెండు అంకెలు పైకి చదివించింది. ఓటింగులో కోత వీగిపోయింది, ఏడుగురు ఇటు, అయిదుగురు అటు. గుంతల సభ్యుడు అటే వేశాడు. కానీ బయటికొచ్చాక రిపేరు మావయ్యను ఆపి, ఆ కడ్డీ ఒకసారి చూపించమని అడిగి, చేతిలో తిప్పి తిప్పి చూసి మరీ ఇచ్చాడు.

అన్నీ అనుకున్నట్టు జరగలేదు. సాయం తగ్గలేదు, పెరగనూ లేదు. షెడ్డు అద్దె పాత రేటుకే ఉంచారు గానీ రెండేళ్లకే. నేర్చుకునేవాళ్లు ఇద్దరు కాదు, ఒక్కరికే భృతి. ఫారంలో మాత్రం కొత్త గడి పడింది: కళలకు తోడ్పడే పనులు. సాయం సొమ్ము మొత్తం అంతే, పంచుకునేవాళ్లు ఒకరు పెరిగారు కాబట్టి మిగతా అందరి వాటా కొంచెం తగ్గింది. మూకాభినయం చేసే బృందం నాయకురాలు మర్నాడే ఫోన్ చేసి చెవులక్కను కడిగేసింది. వాయిద్యాలు లేని ఇద్దరిలో ఆమె ఒకతె.

"మాకు వయొలినూ లేదు, పుల్లా లేదు. మేమేం పాపం చేశామండీ?"

ఆమె మాటలో న్యాయముంది. మోకాలు నొప్పెడుతున్నా ఆ వారమే వాళ్ల సాధన గదికి వెళ్లి, గోడకు ఆనుకుని మూడు గంటలు కూర్చుని చూసింది. లేని తలుపును తోసుకుని ఒకామె లోపలికి వస్తుంటే, తనకు తెలియకుండానే పక్కకు జరిగి దారిచ్చింది. ఇంటికెళ్లి అత్తగారికి ఆ తలుపు చేసి చూపించబోయి చేతకాక ఇద్దరూ పడీపడీ నవ్వారు.

షెడ్డులో పని నేర్చుకోవడానికి ఇరవై ఆరు మంది వచ్చారు. రిపేరు మావయ్య ఎవరినీ ప్రశ్నలడగలేదు, అందరి వేళ్లూ చూశాడు. చివరికి కట్టుడుపళ్లు తయారుచేసే ల్యాబులో ఎనిమిదేళ్లు పనిచేసినావిడను తీసుకున్నాడు. మొదటి నెలంతా ఆమె పసుపు ముక్కలే రాసింది. ఆమె అక్షరాలు నిటారుగా ఉంటాయి. నాట్యం బడిలో వాటిని చూసి, మావయ్యకు ఏమైనా అయిందేమోనని కంగారుపడి ఫోన్లు చేశారట.

ఆ తర్వాత ఒక శనివారం చెవులక్క షెడ్డు వైపు వెళ్లింది. రెండు నిమిషాలన్న స్టూలు మీద ఎన్నడూ లేనంత దిగాలుగా కూర్చుని ఉన్నాడు. ఎదురుగా మూకాభినయం నాయకురాలు, ఆమె బృందం నలుగురు.

"చూడు చెల్లెమ్మా," అన్నాడాయన చేతులు చాచి. "వచ్చే ఏడాది కౌన్సిల్లో రెండు నిమిషాలు వీళ్లూ తీసుకుంటారట. ఒక్క ముక్క మాట్లాడరట. పదకొండేళ్లుగా నేను నేర్పేది మాటలే. ఇప్పుడు నేనేం నేర్పను?"

"మాట్లాడకుండా ఏం చేస్తారు?" అని చెవులక్క నాయకురాలిని అడిగింది.

నాయకురాలు నవ్వి, లేచి, షెడ్డు మధ్యలో ఖాళీ చేసుకుంది. మేకులు తొక్కుతారని రిపేరు మావయ్య అరుస్తూ చీపురు తెచ్చాడు. చెవులక్క ఒక పెట్టె లాక్కుని దాని మీద కూర్చుంది.