బొంత మచ్చలు

ఆ ఇంట్లో పిల్లి పేరు బొంత. తెల్లటి ఒంటి మీద నల్లవీ నారింజవీ మచ్చలు అతుకులేసినట్టు ఎక్కడ పడితే అక్కడ ఉండేవని చిట్టి ఆ పేరు పెట్టింది. చిట్టికి ఎనిమిదేళ్లు. తల్లి పోయాక పిన్ని పంచన చేరింది. వస్తూ వస్తూ వెంట తెచ్చుకున్న ప్రాణి ఆ ఒక్కటే.

పిన్నికి కింద బ్యూటీ పార్లరు, పైన కాపురం. బాబాయ్ రాత్రంతా లారీ నడిపి పగలు పడుకుంటాడు. ఆయన పడుకున్నాడంటే ఇంట్లో గిన్నె కూడా చప్పుడు చేయకూడదు. మనిషి మంచివాడే, కోపం ఒక్కటే అని పిన్ని అందరితో అంటుంది. ఆ ఒక్కటీ ఎంతో, పోయిన నెల గోడకు తగిలి ముక్కలైన ఆమె ఫోనును అడగాలి. మొన్న మధ్యాహ్నం బొంత పడకగది తలుపు గీరుతూ అరిచింది. ఆయన లేచి దాన్ని మెట్ల మీది నుంచి విసిరేశాడు. పిన్ని పరుగెత్తుకెళ్లేసరికే దాని మెడ వాలిపోయింది. చిట్టి బడి నుంచి వచ్చేలోపు పెరట్లో పాతిపెట్టి, బొంత ఎటో వెళ్లిపోయిందని చెప్పింది.

చిట్టి ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. ఇంటింటికీ వెళ్లి మా బొంతను చూశారా అని అడగడం మొదలుపెట్టింది. బడిలో టీచరుకూ చెప్పింది. ఇంట్లో అంతా బాగానే ఉంది కదా అని టీచరు కబురు పెట్టింది. ఆ కబురు బాబాయ్ చెవిన పడింది.

మర్నాడు ఆయన ఒక బుట్ట తెచ్చి పార్లరులో దించాడు. అందులో ఇంకో మూడు రంగుల పిల్లి ఉంది. ఈ రంగుల పిల్లులు దాదాపు అన్నీ ఆడవేననీ, ఒక కడుపున పుట్టినా ఏ రెండింటి మచ్చలూ కలవవనీ అమ్మినవాడు చెప్పాడట. ఆ రెండో మాట ఆయనకు నచ్చలేదు.

"జుట్లకు రంగులేస్తావుగా, దీనికీ వెయ్యి, అచ్చం పాతదానిలా ఉండాలి. చిట్టి మళ్లీ వీధిలో పడి ఎవర్నీ అడక్కూడదు. అడిగిందంటే ఈసారి పిల్లితో పోదు," అన్నాడు.

మొగుడికీ అక్క కూతురికీ మధ్య పిన్ని ఇన్నాళ్లూ గోడ మీది పిల్లిలా నెట్టుకొచ్చింది. ఇప్పుడు గోడే కదులుతోంది. తలుపు మూసి, గోరింటాకు పొడి ఒక గిన్నెలో, నలుపుకు నీలి ఆకు పొడి ఇంకో గిన్నెలో కలిపింది. కొత్త పిల్లికి తెలుపే ఎక్కువ కాబట్టి, ఉన్న కాసిని మచ్చలూ పెద్ద మచ్చల కింద కలిసిపోయాయి. ఫొటోలన్నీ ఫోనుతోనే పోయాయి కనక జ్ఞాపకం మీదే వేసింది. కంటి చుట్టూ నలుపు, రెండో వైపు చెవికి నారింజ, నడుము మీద రెండూ కలిసిన పెద్ద అతుకు. పిల్లి అరవకుండా ఓర్చుకుంది. దాన్ని చూస్తే పిన్నికి తనను తాను చూసుకున్నట్టే ఉంది. బాబాయ్ దిగివచ్చి చూసి అచ్చం అదే అన్నాడు. ఆయన ఏనాడు దాని మొహం చూశాడు గనక!

సాయంత్రం చిట్టి వచ్చేసరికి పిల్లి పార్లరు అద్దం ముందు రెండో కుర్చీలో, బొంత ఎప్పుడూ పడుకునే చోటే ఉంది. చిట్టి దాని ఎదురుగా నిలబడి చాలాసేపు చూసింది. తర్వాత అద్దంలోకి చూసింది. మళ్లీ పిల్లిని చూసింది.

"పిన్నీ, అద్దంలో ఉన్నదే బొంత. కుర్చీలో ఉన్నది కాదు," అంది మెల్లగా.

అప్పుడు తెలిసింది పిన్నికి. రోజంతా జనం వీపుల వెనక నిలబడి, వాళ్ల మొహాలు అద్దంలోనే చూసే మనిషి ఆమె. వీధిలో ఎదురుపడితే రోజూ వచ్చేవాళ్లను కూడా పోల్చుకోలేక తడబడుతుంది. ఆ కుర్చీలో పడుకున్న బొంతనూ ఆమె అద్దంలోనే చూసింది, అలాగే గుర్తుపెట్టుకుంది. కుడి కంటికి ఉండాల్సిన నలుపును ఎడమ కంటికి వేసింది.

అంతలో మెట్ల మీద బాబాయ్ కనిపించాడు. చిట్టి చటుక్కున పిల్లిని ఎత్తుకుని గుండెలకు హత్తుకుంది.

"మన బొంత దొరికింది, బాబాయ్," అని నవ్వింది.

చెప్పానా వస్తుందని, అంటూ ఆయన దాని తల నిమిరి, తృప్తిగా పైకి వెళ్లిపోయాడు. చిట్టి మొహం మీద ఆ నవ్వు ఇంకా అలాగే ఉంది. ఆ నవ్వు పిన్నికి బాగా తెలుసు. చెంప మీద వాపుకు పౌడరు అద్దుకుని, వచ్చినవాళ్లతో తాను నవ్వే నవ్వు అది. ఎనిమిదేళ్ల పిల్ల దాన్ని ఎప్పుడు నేర్చుకుందో ఏమో.

అడుగుల చప్పుడు ఆగాక చిట్టి అడిగింది.

"నేను కూడా కనబడకపోతే, ఇంకో పిల్లను తెచ్చి నాలా తయారుచేస్తావా?"

పిన్ని రంగు అంటిన చేతులు కూడా కడుక్కోలేదు. బడి సంచీ తన భుజాన వేసుకుని, టీచరుగారి ఇల్లు తెలుసా అని అడిగింది. చిట్టి తలూపింది. పిల్లిని మాత్రం కిందికి దించలేదు.

"ఇక్కడ వదిలేస్తే దీన్ని కూడా..." అంది.

"తెచ్చుకో," అంది పిన్ని.

భోజనం ఏదని పైనుంచి కేక వినిపించింది. ఎప్పుడూ పలికే గొంతుతోనే వస్తున్నానని బదులిచ్చి, పిన్ని వీధి తలుపు గడియ తీసింది. బయట ఇంకా వెలుగుంది. పరిగెత్తితే జనం చూస్తారని ఇద్దరూ నడిచారు. వెనక రెండో కేక వినిపించింది. ఆ తర్వాత ఆయన మెట్లు దిగుతున్న చప్పుడు వినిపించింది. వీధి మలుపు ఇంకా దూరంగానే ఉంది.