బొట్టు కింద నంబరు

నేను ఒక దళారీని. కంప్యూటరు చెప్పిన మాటను ప్రింటరుకు చేరవేయడమే నా పని. ప్రింట్ సర్వర్ అంటారు. ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చేనాటికి నా పెట్టుబడి అరచేతిపాటి ఒళ్లు, రెండు వైర్లకు చోటు, వీపున ఒక సన్నటి రంధ్రం. అందులో పిన్ను గుచ్చి పది సెకన్లు నొక్కితే నేర్చినదంతా మరిచిపోతాను. నాకు మళ్లీ నేర్పగల మనిషి ఈ చుట్టుపక్కల లేడు. అందుకే పిన్ను పట్టుకున్నవాణ్ని నేను నమ్మను.

మొదట ఒక కాలేజీ ఆఫీసులో చేశాను. వాళ్లు పాత సామాన్లతో కలిపి వదిలించుకుంటే, మిర్చి యార్డు పక్కన కాటా నడిపే అంకమ్మరావు తెచ్చుకున్నాడు. తూకం చీటీకి మూడు కార్బన్ కాపీలు కావాలి. వాటిని ఒక్కసారే కొట్టగలిగేది అక్కడున్న పాత ప్రింటరు ఒక్కటే. దానికీ నాకూ పదకొండేళ్ల పొత్తు. ప్రతి దసరాకూ అంకమ్మరావు మా ఇద్దరికీ బొట్టు పెట్టేవాడు. పాతది తుడిచేవాడు కాదు.

మొన్న మార్చిలో కంప్యూటరు కాలిపోయింది. కొత్తది బిగించడానికి వచ్చిన ఫణీంద్ర వెంట ఇంకో డబ్బా కూడా ఉంది. అప్పుడే అనుమానించాను. కొత్త కంప్యూటరుకు నేను దొరకాలంటే నా నెట్‌వర్క్ నంబరు అందులో కొట్టాలి. అతను తోచినవి రెండు కొట్టి చేతులు దులుపుకున్నాడు.

"ఇది పోయింది సార్. కొత్త ప్రింటరు నా దగ్గరుంది, పెట్టేస్తా."

"మూడు కాపీలు పడతయ్యా?" అంది గుమస్తా మస్తాన్‌బీ.

"ఒక్కటే అక్కా. జిరాక్స్ తీసుకోండి."

"జిరాక్స్ చూపిస్తే యార్డు గేటు తియ్యరు నాయనా."

బయట రైతు తిరపతయ్య ట్రాక్టరులో ముప్పై ఎనిమిది బస్తాల మిరపకాయ ఉంది. పడమట మబ్బు పట్టింది. చీటీ లేనిదే షెడ్డులోకి పోనివ్వరు. తడిస్తే ఏడాది పంట బూజు పడుతుంది. అతను గుమ్మంలో నిలబడి ఆకాశాన్నీ మమ్మల్నీ మార్చి మార్చి చూస్తున్నాడు.

"రీసెట్ చేసి చూస్తా," అంటూ ఫణీంద్ర పిన్ను తీశాడు.

"ఆగు! నంబరు నేనే రాసి దీని మీద అంటించా." మస్తాన్‌బీ నన్ను లాక్కుని తిప్పి చూసింది. పైన కుంకుమ అట్ట కట్టి ఉంది. "ఈ బొట్టు కిందే ఉండాలి."

"తుడవమాకండి! దసరా బొట్టు, అశుభం," అన్నాడు అంకమ్మరావు.

"నా కాయ తడిస్తే శుభమా?" తిరపతయ్య భుజం మీది తువ్వాలు నీళ్ల గ్లాసులో ముంచాడు.

"గట్టిగానే రుద్దు బాబాయ్. పైన టేపు వేశాలే, పోదు," అంది మస్తాన్‌బీ.

నంబరు బయటపడింది. ఫణీంద్ర దాన్ని కొట్టాడు. కంప్యూటరు ఒక్క క్షణం నన్ను అనుమానంగా పరీక్షించింది, నేనూ దాన్ని పరీక్షించాను. తర్వాత ప్రింటరు గరగరమంటూ చీటీ కొట్టింది. ట్రాక్టరు షెడ్డులోకి దూరాక చినుకులు మొదలయ్యాయి.

ఫణీంద్ర డబ్బా తీసుకుని పోయాడు కానీ తన కార్డు ఇచ్చి పోయాడు. అంకమ్మరావు దాన్ని పారేయలేదు, జేబులో పెట్టుకున్నాడు. నేను చూశాను. కనుక రేపటి సంగతి చెప్పలేను. ఆ రోజు లెక్క చెబుతాను. తిరపతయ్య వెళుతూ వెళుతూ నావైపు చూసి, "తెల్ల తువ్వాలు ఎర్రగా చేశావు కదే దరిద్రపుదానా," అన్నాడు. ఇన్నేళ్లలో నాతో నేరుగా మాట్లాడిన మనిషి అతనొక్కడే. వెరసి నాకు దక్కింది తడవని కాయ ముప్పై ఎనిమిది బస్తాలు, ఒక తిట్టు.