సన్నిబాబు బరువు

నేను ఒక బరువు తూచే మిషన్ని. రాజ్‌కోట్‌లో పుట్టి, విజయనగరంలో ఒక మందుల షాపు గుమ్మంలో పెరిగాను. నా మీదికి ఎక్కగానే మనుషులు పొట్ట లోపలికి పీల్చుకుంటారు. అలా పీలిస్తే ముల్లు మోసపోతుందని వాళ్ల నమ్మకం. షాపాయన కొత్త మిషన్ కొనుక్కుని నన్ను సన్నిబాబుకు ఇచ్చేశాడు.

సన్నిబాబుకు పసితనంలోనే పోలియో వచ్చి రెండు కాళ్లూ చచ్చుపడ్డాయి. పెద్దయ్యాక సినిమా హాల్లో కొన్నాళ్లు టికెట్లు చింపాడు. హాలు మూతపడింది. అప్పటినుంచీ నన్ను ముందు పెట్టుకుని బస్టాండులో కూర్చునేవాడు.

ఇంతలో అతని కిడ్నీలో రాళ్లు పడ్డాయి, ఆపరేషన్ తప్పదన్నారు. తల్లి అప్పలనరసమ్మ జూట్ మిల్లు కార్మికురాలు, ఆమెకు వైద్య బీమా ఉంది. ఇద్దరూ బీమా ఆఫీసుకు వెళ్లారు. మూడు చక్రాల బండిలో అతని ఒళ్లో నేనూ ఉన్నాను.

"హాల్లో చేసిన ఆ కాస్త పనికి సొంతంగా బీమా రాదు. అమ్మ మీద ఆధారపడిన వికలాంగుడైతే, ఈ వయసులోనైనా అమ్మ బీమాలో చేరుస్తాం. కానీ తనను తాను పోషించుకునేంత సంపాదన ఉండకూడదు" అంది ఆఫీసరమ్మ.

"సంపాదనేటి తల్లీ! మావోడు ఒట్టి ఖాళీ. తిని కూకుంతాడు" అంది అప్పలనరసమ్మ.

సన్నిబాబు ముఖం మాడిపోయింది.

"ఖాళీ ఏటమ్మా? బస్టాండుకాడ రోజూ పని సేత్తన్నాను కదేటి! రాసుకోండి మేడమ్."

తల్లి అతని తొడ గిల్లింది. ఆ కాళ్లకు గిల్లుడు తెలుస్తుంది గాని, అతను లొంగలేదు. చేసిన పని చాలదట, చేస్తున్న పని ఉండకూడదట! కిలోలు తప్ప మరేమీ తెలియని నాకు తల తిరిగిపోయింది.

సాయంత్రం ఆఫీసరమ్మ బస్టాండుకు వచ్చి టీ కొట్టు పక్కన నిలబడి చూసింది. ఒక కానిస్టేబుల్ ఊరికే తూగి వెళ్లాడు. ఒకావిడ నేను తప్పు చూపించానని నాతో తగువేసుకుని, డబ్బివ్వకుండానే బస్సెక్కేసింది.

"రష్షు ఇప్పుడే తగ్గింది మేడమ్" అన్నాడు సన్నిబాబు.

ఆమె నవ్వు ఆపుకుని రాసుకుంది: "ఇతను పని చేస్తున్నాడు. ఆ పని ఇతన్ని పోషించదు. తల్లే పోషిస్తోంది."

కార్డు వచ్చింది. సన్నిబాబు మాత్రం మొదటి వాక్యమే అందరికీ చెప్పుకున్నాడు.

ఆస్పత్రిలో నర్సు, "ఆపరేషన్‌కు ముందు బరువు చూడాలి, నిలబడు" అంది. ఎలా నిలబడతాడు? ఊళ్లో సగం మందిని తూచినవాడికి తన బరువెంతో తెలియదు.

అప్పలనరసమ్మ కొడుకు ఒళ్లోంచి నన్ను తీసి నేల మీద పెట్టింది. ముందు తనొక్కతే ఎక్కి దిగింది. తర్వాత కొడుకును రెండు చేతులా ఎత్తుకుని మళ్లీ ఎక్కింది.

"దింపీయే అమ్మా, అందరూ సూత్తన్నారు!"

"సూడనీ. కదలకు, ముల్లు ఊగుతాది."

నర్సు ఇద్దరి బరువులోంచి తల్లి బరువు తీసేసి, "ముప్పై ఎనిమిది" అంది.

"అంతేనా? సరిగ్గా సూడమ్మా" అంది అప్పలనరసమ్మ.

నర్సు మళ్లీ చూసి, అంతేనంది. అప్పలనరసమ్మ వెంటనే దిగలేదు. సన్నిబాబు కూడా దింపమని మళ్లీ అనలేదు.