పక్కపన్ను రంగు

"ఆ పన్ను ఎప్పుడో చచ్చిపోయిందమ్మా" అంది డాక్టరమ్మ, ఎక్స్‌రేని వెలుతురుకు పట్టి చూస్తూ.

చచ్చిపోయినదాన్ని నోట్లో పెట్టుకుని నా కూతురు ఇన్నేళ్లూ తిరిగిందా? అది పక్క పళ్లకు పాకితే? మెదడుదాకా వెళితే? ఇంటికొచ్చి ఈ మాట చెబితే, "అయితే పరామర్శకు ఎవరెవరొస్తున్నారు?" అన్నారు మా ఆయన. ఆయనకు అన్నీ వేళాకోళమే.

అమ్మాయి చిన్నప్పుడు సైకిలు మీంచి పడింది. ముందుపన్ను ఊడలేదు, విరగలేదు. మెల్లమెల్లగా నల్లబడింది. ఇప్పుడు తను చిన్నపిల్లల బడిలో టీచరు. కొత్తగా చేరింది. ఒకరోజు ఒక పిల్ల టీచరు బొమ్మ గీసింది. నవ్వుతున్న నోరు, పళ్లన్నీ తెల్లగా, ఒక్కటి మాత్రం నల్ల క్రేయానుతో. క్లాసంతా విరగబడి నవ్విందట. మర్నాటి నుంచి సెలవు పెట్టేసింది. "పన్ను బాగైతే వెళ్తాను, లేకపోతే మానేస్తాను" అని భీష్మించుకుని కూర్చుంది. హెడ్‌మిస్ట్రెస్ నెలాఖరు సోమవారం దాకా చూస్తానంది. ఆ తరువాత వేరేవాళ్లను పెట్టుకుంటుందట.

పంటి లోపల శుభ్రం చేసి, చుట్టూ అరగదీసి, పింగాణీ క్యాపు చేయించారు. తీరా పెట్టి చూస్తే, అది సున్నం కొట్టిన గోడలా ఉంది.

"రంగు జాగ్రత్తగానే చూశానే!" అని డాక్టరమ్మ తల పట్టుకుంది. "ఆ రోజు ఈ కుర్చీలో కూర్చునే ముందు పళ్లకేమైనా చేశావా?"

అమ్మాయి నా వైపు ఓరగా చూసింది. "మా అమ్మ రుమాలుతో తుడిచిందండీ. గట్టిగా."

"శుభ్రంగా కనపడాలి కదా అని..." నసిగాను.

"పన్ను ఆరితే తెల్లబడి కనిపిస్తుందమ్మా. తడిగా ఉన్నప్పటిదే అసలు రంగు. మీరు దాన్ని ఫొటోకు ముస్తాబు చేసినట్టు చేసి తెచ్చారు."

మళ్లీ మొదలు. ఈసారి కుర్చీ దగ్గరకు వెళ్లకముందే అమ్మాయి నాకు వేలు చూపించి హెచ్చరించింది. "ఆ రుమాలు సంచిలో పెట్టు. సంచి నాకివ్వు."

డాక్టరమ్మ తాళాల గుత్తిలాంటిది తీసింది. తాళాలకు బదులు నమూనా పళ్లు. ఒక్కొక్కటీ నీళ్లలో ముంచి, కిటికీ దగ్గర అమ్మాయి పళ్ల పక్కన పెట్టి చూసింది. నేను ఉండబట్టలేక, "కింద నల్లది కనపడకుండా దళసరిగా వేయించండమ్మా" అన్నాను.

"ఒకే రంగు దళసరిగా పూస్తే మళ్లీ సున్నం గోడే. అడుగున నలుపును కప్పే పొర పలచగా వేస్తారు. దాని మీద పన్ను రంగు. అంచున గాజులాంటిది. వెలుతురు కాస్త లోపలికి పోయి బయటికి రావాలి. అప్పుడే బతికున్న పన్నులా ఉంటుంది."

బతికున్న అన్న మాట వినగానే కొంచెం ఊపిరి ఆడింది. కానీ కొత్త క్యాపు వచ్చేదాకా పెట్టిన తాత్కాలిక తొడుగు అన్నం తింటుంటే ఊడి వచ్చింది. మింగేసి ఉంటే? గొంతుకు అడ్డం పడి ఉంటే? అమ్మాయి దాన్ని కడిగి గిన్నెలో పెట్టి, "నన్ను కాసేపు వదిలెయ్ అమ్మా" అంది. కోపం కూడా లేదు ఆ గొంతులో. దానికే నాకు భయమేసింది.

శనివారం రెండో క్యాపు వచ్చింది. ముందు అంటించకుండా ఊరికే పంటికి తొడిగి చూపించారు.

"ఇదేంటి, పచ్చగా ఉంది?" అన్నాను.

"నా పళ్లేమైనా మల్లెపూలా అమ్మా?"

"ఒకసారి అంటించాక తియ్యాలంటే పగలగొట్టాల్సిందే. ఇప్పుడే చూసుకోండి" అంది డాక్టరమ్మ.

అమ్మాయిని కిటికీ దగ్గరకు లాక్కెళ్లాను. నాలుకతో పళ్లు తడుపుకోమన్నాను. కళ్లజోడు సర్దుకుని, వంగి, పక్కకు తిరిగి చూశాను. ఎలాగైనా తప్పు పట్టాలి. లేకపోతే సోమవారం ఆ పిల్లలు పట్టుకుంటారు.

"ఇదిగో, ఇక్కడ మబ్బుమబ్బుగా ఉంది. కాస్త పొడుగ్గా కూడా ఉంది. ఇది అతికించినట్టే తెలిసిపోతోంది" అని వేలు పెట్టి చూపించాను.

డాక్టరమ్మ తొంగి చూసి మాస్కు వెనక నవ్వింది. "అది మీ అమ్మాయి సొంత పన్నమ్మా."

"నా పన్నుకే వంకలా!" అంది అమ్మాయి. అద్దం తీసుకుని చాలాసేపు చూసుకుంది. తరువాత నన్ను అడగకుండానే కుర్చీలోకి వెళ్లి పడుకుంది. "అంటించేయండి డాక్టర్."

బయటకొచ్చి బస్టాపు బల్ల మీద కూలబడ్డాం. అమ్మాయి ఫోను తీసి, "సోమవారం వస్తాను మేడమ్" అని చెప్పి పెట్టేసింది.

"పిల్లలు నీ నల్లపన్ను ఏదని అడుగుతారేమో?"

"అడగనీ."

"ఏం చెబుతావు?"

"వెతుక్కోమంటాను. నీకే దొరకలేదు, వాళ్లకేం దొరుకుతుంది?"

బస్సు వచ్చింది. నిండుగా ఉంది. ఇంకోటి వస్తుందిలే అనుకుని ఇద్దరం లేవలేదు.