వెన్ను చూపని కమాండరు

తెర అవతల కుట్టుమిషన్ చప్పుడు ఆగిందంటే తమ్ముడు యుద్ధానికి బయల్దేరాడని అక్కకి తెలుస్తుంది. ముందు కుర్చీ కిర్రుమంటుంది, తర్వాత స్పీకర్లో విమానాల రొద లేస్తుంది. ఇక ఆ గంటసేపూ షాపులో పనిచేసేది ఆమె ఒక్కతే. కాజాలు కుట్టాలి, గుండీలు వెయ్యాలి, ప్యాంట్ల అంచులు మడవాలి, బట్టలింకా కాలేదేమని అడిగేవాళ్ళకి జవాబు చెప్పాలి. అసలు ఆ చివరి పని కోసమే తమ్ముడు తనను కౌంటర్లో కూర్చోబెట్టాడేమోనని ఆమెకి అప్పుడప్పుడూ అనుమానం.

తమ్ముడికి నలభై రెండేళ్ళు. చెయ్యి మంచిదే, కోటు కుడితే ఒంటికి అతికినట్టుంటుంది. చెప్పిన తేదీకి ఇవ్వడం మాత్రం అతని జాతకంలో లేదు. ఆలస్యమైన బట్టల తాలూకు మనిషి గుమ్మంలో కనపడితే చాలు, ఆకుపచ్చ తెర ఒకసారి ఊగుతుంది, కమాండరు లోపలికి మాయమవుతాడు. "అక్కా, నేను లేనని చెప్పు" అని సన్నటి గుసగుస వస్తుంది.

అవును, కమాండరే. ఆటలో అతని పేరది. ఎవరూ ఇచ్చింది కాదు, తనే పెట్టుకున్నాడు.

విమానాల ఆట అది. పాతకాలం ఫ్యాన్ల విమానాలు. ఎక్కడెక్కడో ఉన్నవాళ్ళు నెట్లో కలిసి అటు ఎనిమిది మంది, ఇటు ఎనిమిది మంది ఆడతారు. ఒక జట్టు దాడికి వస్తుంది, ఇంకో జట్టు కాపలా కాస్తుంది. ఇరవై నిమిషాలు గడిచేసరికి కాపలా జట్టుది ఒక్క విమానమైనా గాల్లో మిగిలితే గెలుపు వాళ్ళది. ఇంతే నియమం. మూడేళ్ళుగా తెర ఇవతల గుండీలు కుడుతూ విన్న అక్కకే కంఠతా వచ్చేసింది. జట్టుకి పెద్దనని చెప్పుకునే తమ్ముడి బుర్రకి మాత్రం ఇంతవరకూ ఎక్కలేదు. శత్రువు ఎక్కడ కనపడితే అక్కడికి దూసుకుపోవడం, మొదటి నాలుగు నిమిషాల్లో వీరమరణం పొందడం, మిగతా పదహారు నిమిషాలూ బతికున్నవాళ్ళని తిట్టడం, ఇదీ అతని యుద్ధ విద్య.

ఎక్కువ తిట్లు తినేది పిచ్చుక. ఆటలో ఆ పేరు పెట్టుకున్నవాడు ఎక్కడో ఆస్పత్రి ల్యాబులో పనిచేస్తాడట. గొంతు నెమ్మది. ఒక్కడే ఉన్నప్పుడు ముగ్గురు మీదకొస్తే చక్కగా విమానం తిప్పుకుని పోతాడు. మబ్బుల్లో దూరతాడు, కొండల చాటున తిరుగుతాడు, తూట్లు పడితే కిందికి దిగి బాగుచేయించుకుని మళ్ళీ లేస్తాడు. అవతలి జట్టువాళ్ళు మండిపడి "దమ్ముంటే నిలబడరా" అని రాస్తారు. చంపడానికి వచ్చినవాడు నిలబడి చంపించుకోమని అడిగితే, నిలబడకపోవడం మర్యాద తక్కువట. దానికి అవతలివాళ్ళు ఏడ్చారంటే అర్థముంది. వాళ్ళతో గొంతు కలిపి ఏడ్చేది మన కమాండరే.

"పారిపోయి గెలిచే గెలుపు నాకొద్దు. దానికంటే ఓడిపోవడం నయం" అన్నాడు ఆ సోమవారం మైకులో.

"పారిపోవడం కాదన్నా. మన పని కాపలా. నేను పోతే కాపలా ఎవరు?" అన్నాడు పిచ్చుక.

"మగాడన్నాక ఎదురు నిలబడాలి."

"అన్నా, ముగ్గురి మధ్యలోకి దూరి చావడం ధైర్యం ఎలా అవుతుంది?" అని జట్టులోనే ఇంకొకతను అడిగాడు. అతనొక పళ్ళ డాక్టరు. "నేనైతే దాన్ని తొందర అంటాను."

కమాండరుకి ఒళ్ళు మండింది. రెండు వేళ్ళతో టైపు చేసి గ్రూపులో మూడు పేజీల ఉపన్యాసం పెట్టాడు. వీరధర్మమన్నాడు, రక్తమన్నాడు, వెన్ను చూపినవాడికి తన జట్టులో చోటు లేదన్నాడు. శుక్రవారం మధ్యాహ్నం ఆట కాగానే పిచ్చుకని ఉంచాలా పంపాలా అని వోటు పెడతానన్నాడు. ఆ ఉపన్యాసం రాసిన సేపట్లో ఒక ప్యాంటు కుట్టొచ్చని అక్క లెక్కగట్టింది.

ఆ సోమవారమే కోటు కాలింది.

కోటు డ్రైవరుగారిది. ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు నడిపి ఈ శుక్రవారం రిటైరవుతున్నాడు. సాయంత్రం నాలుగింటికి డిపోలో సభ. ఆరోజు ఫొటో తీసి డిపో గోడకి పెడతారట, రిటైరైన వాళ్ళందరివీ అక్కడ వరసగా ఉంటాయట. ఉన్న ఫొటోలన్నిట్లోనూ తను ఖాకీలోనే ఉన్నానని, ఈ ఒక్కదానికి కోటు వేసుకోవాలనుందని ఆర్డరిచ్చిన రోజు సిగ్గుపడుతూ చెప్పాడు. గుడ్డ తనే ఏరి కొనుక్కొచ్చాడు, బూడిదరంగుది. కొలతలిచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టి నిలబడితే అక్కే వద్దని నవ్వింది.

కుట్టడం అయిపోయింది, ఇస్త్రీ ఒక్కటే మిగిలింది. సరిగ్గా అప్పుడే ఆట మొదలయ్యే గంట మోగింది. కమాండరు ఇస్త్రీపెట్టెని కోటు మీదే వదిలేసి ఆకాశంలోకి లేచిపోయాడు. వాసన పట్టి అక్క పరిగెత్తి వచ్చేసరికి ఎడమ రొమ్ము మీద అరచేతంత గోధుమరంగు మచ్చ. పక్కనే తమ్ముడు మైకులో వీరధర్మం బోధిస్తున్నాడు.

"ఆయనకి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పరా. ఇంకా నాలుగు రోజులుంది, ఏదో ఒకటి చూసుకుంటాడు" అంది అక్క.

"చెబుతానక్కా. నేను చెప్పుకుంటాగా."

చెప్పలేదు. మంగళవారం డ్రైవరుగారు డ్యూటీ దిగి వచ్చాడు. తెర ఊగింది. అక్క నోట్లోంచి గుండీలు ఇంకా రాలేదన్న మాట వచ్చింది. పర్లేదమ్మా అని వెళ్ళిపోయాడు. బుధవారం మిషన్ బెల్టు తెగిందని చెప్పింది. గురువారం తమ్ముడికి జ్వరమంది. ఆయన ఒక్కసారీ గొంతు పెంచలేదు. జ్వరమంటే తగ్గిందా అని కూడా అడిగాడు. అరిచి రాద్ధాంతం చేసే కస్టమర్లయితే అక్కకి ఎంత సుఖమో అప్పుడు తెలిసొచ్చింది.

"రేపు ఆయన సభరా. ఎన్నాళ్ళు దాక్కుంటావు?" అని ఆ సాయంత్రం నిలదీసింది.

"దాక్కోవడమేంటి? ఆయన ఎదుట పడితే ఆయనకీ బాధ, నాకూ బాధ. ఇంకోసారి తిరిగి ఆయనే ఊరుకుంటాడులే."

"పిచ్చుక ఇదే చేస్తే బహిష్కరణ అంటున్నావు."

"అది యుద్ధమక్కా. నీకు తెలీదు." నిజంగానే నొచ్చుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం రెండు దాటింది. తెర అవతల ఆట మంచి పట్టు మీదుంది. ఇటు మిగిలింది ఇద్దరే, కమాండరూ పిచ్చుకా. నాలుగు నిమిషాల్లో చావకుండా కమాండరు చివరిదాకా మిగలడం ఈ మధ్యకాలంలో ఇదే మొదలు. అటు నలుగురున్నారు. గడువుకి ఇంకా మూడు నిమిషాలు.

"అన్నా, వెనక్కి తిరుగు. మూడు నిమిషాలు గాల్లో ఉంటే చాలు, గెలిచినట్టే" అంటున్నాడు పిచ్చుక.

అదే సమయానికి డ్రైవరుగారు మెట్లెక్కాడు. కొత్తగా గీయించుకున్న గడ్డం. ఖాకీ చొక్కా మీదే ఉన్నాడు, చేతిలో ఖాళీ సంచీ, కోటు పెట్టుకుని వెళ్ళడానికి. అక్క గొంతు సవరించుకుని, అలవాటైపోయిన నోటితో నాలుగో అబద్ధానికి సిద్ధమైంది.

"తమ్ముడు షాపులో లేడండీ, ఆస్పత్రికి..." అంటూండగానే తెర వెనక నుంచి షాపు దద్దరిల్లింది.

"నేను పారిపోను. విన్నావా? ఎంతమంది వచ్చినా సరే, ఎదురుగా నిలబడతాను. వెన్ను చూపడం నా వంశంలో లేదు."

తర్వాత తుపాకుల చప్పుడు, పెద్ద పేలుడు. కమాండరు పోయాడు. తెర ఇవతల ఇద్దరు మనుషులు ఒకరినొకరు చూసుకుంటున్నారు. అదే వంశంలో పుట్టిన అక్కకి తల ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

చేతిలో సూది కింద పెట్టింది. "మీ కోటు కాలిపోయిందండీ. సోమవారమే కాలింది. గుండీలు రాకపోవడం, బెల్టు తెగడం, జ్వరం, ఏదీ నిజం కాదు. చెప్పింది నేను."

తెర అవతల రొద చటుక్కున తగ్గిపోయింది. స్పీకరు మీద ఎవరో చెయ్యి వేసినట్టుంది.

డ్రైవరుగారు సంచీని సగానికి మడిచాడు, మళ్ళీ సగానికి మడిచాడు.

"ఆయన లోపలున్నాడని నాకు మంగళవారమే తెలుసమ్మా. తెర కింద కాళ్ళు కనపడుతున్నాయి. కొందరంతే, ఎదురు పడలేరు. ముప్పై ఏళ్ళు బస్సులో చూశాను, టికెట్టు లేనివాడు నిద్ర నటిస్తాడు." ఆయన గొంతులో కోపం లేదు. "మీరు మాత్రం నా మొహంలోకి చూసి చెప్పారు. ఇంత వయసొచ్చిన మనిషి, కల్పించి చెప్పదులే అనుకున్నాను. గుండీలంటే గుండీలనే అనుకున్నాను. మంగళవారం చెప్పుంటే మా అల్లుడి కోటు తెప్పించుకునేవాణ్ణి. నిన్ననే అది వేసుకుని వాళ్ళ ఆఫీసు పని మీద ఊరెళ్ళాడు."

"తప్పయిపోయింది" అంది అక్క.

"సరేనమ్మా. ఖాకీలోనే దిగుతాను. అలవాటేగా" అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

అక్క స్టూలు మీద కూలబడింది. మూడేళ్ళుగా తెర వెనక ఉన్నవాణ్ణి పిరికివాడని లోలోపల ఎంత ఎద్దేవా చేసిందో ఆమెకి గుర్తుంది. వాడు కనీసం ఎవరికీ కనపడకుండా దాక్కున్నాడు. తను పట్టపగలు కౌంటర్లో కూర్చుని, బొట్టు సరిచేసుకుని, నవ్వు మొహం పెట్టుకుని మరీ ఆ పని చేసింది. నమ్మకంగా చెప్పగలదు కాబట్టే వాడు తనను ముందు కూర్చోబెట్టాడు. అసలు తెర తనే. ఇది తోచేసరికి తమ్ముడి మీద ఉన్న వెటకారమంతా తిరిగొచ్చి తన మీదే పడింది.

తెర సందులోంచి గుసగుస వచ్చింది. "వెళ్ళిపోయాడా అక్కా?"

అక్క తెర వైపు చూసింది. "లేదు. బయట మెట్ల మీద కూర్చున్నాడు. నువ్వొచ్చి మాట్లాడేదాకా కదలనంటున్నాడు."

నాలుగో అబద్ధం ఇలా ఖర్చయింది. దీనికి మాత్రం ఆమె సిగ్గుపడలేదు. మనసులో ఇంకా ఒక మూల ఆశ ఉంది, వాడు తెర తీసుకుని వస్తాడేమోనని. వస్తే వెంటనే, పద, డిపోకి పోదాం, ఇద్దరం కలిసి క్షమాపణ అడుగుదాం అందామనుకుంది. గోడ గడియారం అయిదు నిమిషాలు తిరిగింది. తెర కదల్లేదు.

లోపల స్పీకరు బాగా తగ్గించాడు గానీ ఆపలేదు, వోటు వినాలి మరి. మాటలు సన్నగా బయటికొస్తూనే ఉన్నాయి. ఆట గెలిచారు. మిగిలిన రెండు నిమిషాలూ పిచ్చుక నలుగురినీ కొండల చుట్టూ తిప్పి అలిసిపోయేలా చేశాడట. గెలిపించినవాణ్ణి ఉంచాలా పంపాలా అని ఇప్పుడు వోటు.

"కమాండరన్నా, మొదలెట్టు. పిచ్చుక మీద ఫిర్యాదు నీదేగా" అన్నాడు పళ్ళ డాక్టరు.

జవాబు లేదు. నోరు తెరిస్తే మెట్ల మీదున్న డ్రైవరుగారికి వినపడదూ?

"అన్నా, ఉన్నావా? నీ పేరు పక్కన పచ్చలైటు వెలుగుతూనే ఉంది."

ఉన్నాడు. ఊపిరి బిగబట్టుకుని ఉన్నాడు. మూడు పేజీల ఉపన్యాసం, వీరధర్మం, రక్తం, అన్నీ గొంతులో కుక్కుకుని కూర్చున్నాడు.

"ఎదురుగా ఉండి మాట్లాడడేంటి? జారుకున్నాడా?" అని ఎవరో నవ్వారు.

"అలా అనకండి" అన్నాడు పిచ్చుక. "షాపులో ఎవరో వచ్చుంటారు. ఆయనకి పనెక్కువ. వోటు ఇంకో రోజు పెట్టుకుందాం, ఆయన లేకుండా బాగోదు."

ఆ నెమ్మది గొంతు విని అక్క లేచింది. మూడేళ్ళుగా తనొక్కతే చేసిన, వాడి తరఫున సాకులు చెప్పే చాకిరీకి ఇంకెవరో దొరికారు వాడికి. కళ్ళజోడు, వేలితొడుగు, టిఫిన్ డబ్బా సంచీలో వేసుకుంది. గల్లాపెట్టె తాళంచెవి కౌంటరు మీద, తెర తీస్తే కనపడేలా పెట్టింది. రేపటి నుంచి గుమ్మంలోకి వచ్చేవాళ్ళకి ఎవరు జవాబు చెబుతారో వాడే చూసుకోవాలి. తమ ఇస్త్రీపెట్టె తెర అవతలే ఉంది కాబట్టి, ఇంకోటి అడగడానికి రెండు షాపుల అవతలున్న లాండ్రీకి వెళ్ళింది. నాలుగింటికి ఇంకా గంట పైనే ఉంది. ఆయన తిడితే తిడతాడు, మాట్లాడకపోతే మాట్లాడడు, ఆ ఖాకీ చొక్కా ఫొటోకి ముందు ఇస్త్రీకి ఒక్కసారి విప్పి ఇమ్మని మాత్రం ఎదురుగా నిలబడి అడగాలి. ఇస్త్రీపెట్టె సంచీలో పెట్టుకుని అక్క డిపో బస్సెక్కింది.