రెండో సగం

పచ్చటి టిక్కు గుర్తు ఈసారి కూడా వంకరగానే పడింది.

మల్లికార్జునం కళ్ళజోడు తుడుచుకుని ఫోను తెర మీద మళ్ళీ నొక్కాడు. ఎవరైనా కరెంటు బిల్లు కట్టినా, గ్యాసు బుక్ చేసినా, డబ్బు చేరిందని చెప్పడానికి తెర మీద ఒక వలయం తిరుగుతుంది. దాని నడుమ పచ్చటి టిక్కు పడుతుంది. రెప్పపాటు పని. జనం దాన్ని చూసి, ఊపిరి పీల్చుకుని, ఫోను జేబులో వేసుకుంటారు. ఆ రెప్పపాటును కూర్చుని గీసేవాడు ఒకడుంటాడని ఎవరికీ తోచదు. ఆ ఒకడు ఆత్మకూరు బస్టాండు వీధిలో, అన్న నాగేంద్రబాబు నడిపే హోల్‌సేల్ కిరాణా కొట్టు మేడ మీద, కింది నుంచి వచ్చే ఎండుమిరపకాయల ఘాటుకు తుమ్ముతూ కూర్చుని ఉన్నాడు.

నలభై దాటిన మనిషి. ఏళ్ళ తరబడి లాప్‌టాప్ సంచి మోసి కుడి భుజం కాస్త కిందికి వాలింది. బెంగళూరు కంపెనీ వాళ్ళు కరోనా రోజుల్లో ఇంటికి పొమ్మన్నారు. తర్వాత రమ్మనడం మరిచిపోయారు. అతనూ గుర్తు చేయలేదు.

చెవిలో మీటింగ్ నడుస్తూనే ఉంది. ఇంతలో ఫోను మోగింది. ఉదయగిరి నుంచి దేవకమ్మ.

"మల్లికార్జునా, నువ్వు పంపించిన కొత్తది ఎక్కడంలేదయ్యా. ఎర్రగా ఏందో రాసి చూపిస్తా ఉండాది."

అతనికి సంగతి అర్థమైంది. పోయిన వారం లాప్‌టాప్ మారింది. పాత లాప్‌టాప్‌లో తయారైన యాప్‌కు ఒక డిజిటల్ సంతకం, కొత్తదాంట్లో తయారైనదానికి ఇంకో సంతకం. రెండూ కలవకపోతే ఫోను ఒప్పుకోదు.

"పాత యాప్ తీసేసి ఇది ఎక్కించు వదినా. మీటింగులో ఉండా, మళ్ళా చేస్తా."

మైకు ఆన్ చేసేసరికి మేఘన అడుగుతోంది. కొత్తగా చేరిన అమ్మాయి.

"సర్, కస్టమర్ పాత యాప్ తీసేసి కొత్తది వేసుకుంటే, దాంట్లో దాచుకున్నవన్నీ ఏమవుతాయి?"

"పోతాయి," అన్నాడు మల్లికార్జునం, వంకర టిక్కు కేసి చూస్తూనే. "యాప్‌తో పాటే పోతాయి. తిరిగి రావు."

తన జవాబు తన చెవిన పడింది.

కుర్చీ వెనక్కి పడిపోయింది. దేవకమ్మకు ఫోన్ చేశాడు. స్విచ్ ఆఫ్. మళ్ళీ చేశాడు. స్విచ్ ఆఫ్. ఆ ఇంట్లో ఇంకో ఫోను లేదు.

"మేఘనా, ఆ టిక్కు సంగతి నువ్వు చూడమ్మా," అని లాప్‌టాప్ మూసి, సంచిలో కుక్కి, మెట్లు దిగాడు. కొట్లో బెల్లం తూస్తున్న నాగేంద్రబాబు తలెత్తాడు.

"ఏందిరా, కొంప మునిగినట్టు ఉరుకుతుండావు?"

"మునిగిందో లేదో పోయి చూస్తే గానీ తెలీదన్నా."

బస్టాండు ముందు అనుమసముద్రంపేట దర్గాకు పోయే ఆటోలు అడ్డదిడ్డంగా నిలబడి ఉన్నాయి. వాటి మధ్య నుంచి బండి దూర్చుకుని ఊరు దాటాడు. ఆ తర్వాత బండి ముల్లు ఎప్పుడూ పోని చోటికి పోయింది.

ఆ ఫోనులో ఉన్నది దేవకమ్మ భర్త మాలకొండయ్య గొంతు.

మాలకొండయ్య ఉదయగిరి డిపోలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. పొడగరి. వేళ్ళు పొడవు. నెల్లూరు బస్సులో వెనక సీటు దగ్గర నిలబడి ఊరి పేరు చెబితే డ్రైవరు పక్కన కునికేవాడు లేచి దిగేవాడు, అంత గొంతు. కాలేజీ రోజుల్లో మల్లికార్జునం ఆ బస్సులో వస్తూ ఒడిలో ఒక ఫుట్‌బాల్ పత్రిక తెరిచి పెట్టుకున్నాడు. టికెట్ కొట్టాల్సిన కండక్టరు ఆ పేజీ మీదికి వంగి, స్టేజీ దాటిపోయేదాకా అట్లాగే ఉండిపోయాడు. క్రికెట్ తప్ప ఇంకోటి తెలియని ఆ మెట్ట మండలాల్లో ఇద్దరు పిచ్చివాళ్ళు ఒకరినొకరు కనుక్కున్నది అట్లా.

సోమశిల డ్యాం కడుతున్న రోజుల్లో పనికి వచ్చిన మలయాళీల పిల్లలు మట్టి దిబ్బల మధ్య బంతి తన్నుకుంటుంటే చూసి నేర్చుకున్న పిచ్చి మాలకొండయ్యది. ఆ డ్యాం నీళ్ళలోనే వాళ్ళ ఊరు మునిగింది. ఇల్లు ఖాళీ చేసిన నాడు వాళ్ళ నాయన భుజాన వేసుకుని బయటికి తెచ్చింది ఒక ఇత్తడి మరచెంబు. మర తిప్పితే మూత బిగుసుకునే పాతకాలపు చెంబు. ప్రయాణమంటే మాలకొండయ్య అది లేకుండా గడప దాటడు.

మొదటిసారి ఇద్దరూ ఫుట్‌బాల్ మ్యాచి చూడడానికి కోల్‌కతా పోయినప్పుడు చిక్కు అక్కడే వచ్చింది. స్టేడియం గేటు దగ్గర కాపలావాడు చెంబును చూసి, లోహపు సామాను లోపలికి రాదన్నాడు. బయట టీకొట్టులో పెట్టిపోదామన్నాడు మల్లికార్జునం. మాలకొండయ్య అతని ముఖంలోకి చూశాడు, కన్నబిడ్డను సంతలో వదిలిపోదామన్నట్టు.

"నువ్వు పో శెట్టీ. మొదటి సగం నువ్వు చూడు. రెండో సగం నేను చూస్తా. చెంబు దగ్గిర ఒకరుండాల."

అదే ఆచారమైంది. కోల్‌కతా, గోవా, గువాహటి, కోళికోడ్. ఎక్కడికి పోయినా మొదటి సగం మల్లికార్జునానిది, రెండో సగం మాలకొండయ్యది. ఒకడు లోపల అరుస్తుంటే ఒకడు గోడ బయట చెంబు ఒళ్ళో పెట్టుకుని, లోపలి హోరును బట్టి గోలో కాదో అంచనా కట్టేవాడు. తిరుగు రైల్లో ఎవరి సగం వాళ్ళు చెప్పాలి. మల్లికార్జునం స్టేషను దాటేలోపు ముగించేవాడు. మాలకొండయ్య మొదలుపెడితే విజయవాడ దాకా సాగేది. గోల్‌కీపరు మెళ్ళో తాయెత్తు, లైన్‌మన్ నడకలో కుంటు, పక్క సీటు ముసలాయన ఏడుపు, అన్నీ ఉండేవి. మూడు గోల్స్ పడితే నాలుగు చెప్పేవాడేమో కూడా. ఆ ఆటలన్నీ వీడియోలుగా ఫోన్లోనే దొరుకుతాయి. మల్లికార్జునం ఒక్కసారీ వెతకలేదు. అతనికి తెలిసిన రెండో సగం అంటే మాలకొండయ్య చెప్పిందే.

వేసవిలో మాలకొండయ్య గొంతులో గడ్డ తేలింది. గొంతుపెట్టె తీసేస్తే మనిషి నిలుస్తాడు, మాట నిలవదని డాక్టర్లు చెప్పారు. అప్పుడు మల్లికార్జునం తన ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో మొదటిసారి, ఎవరూ అడగకుండా ఒక యాప్ రాశాడు. తెర నిండా ఒకే ఎర్ర బొత్తాం. నొక్కి మాట్లాడితే చాలు. మాలకొండయ్య వాకిట్లో మంచం మీద కూర్చుని, రోజుకు కాస్త, గొంతు సహకరించినంత మేర, తన రెండో సగాలన్నీ అందులో చెప్పాడు. కోళికోడ్ ఒక్కటి మిగిలిందనగా, నిన్న ఫోను తనంతట తాను అప్‌డేట్ అయ్యి, యాప్ తెరుచుకోవడం మానేసింది. దాన్ని సరిచేసి పంపిందే ఆ కొత్తది.

బొత్తాం మీద అంత శ్రద్ధ పెట్టినవాడు, ఆ గొంతుకు ఇంకో నకలు ఎక్కడైనా దాచాలన్న పని మాత్రం వచ్చే ఆదివారానికి, ఆ పై ఆదివారానికి జరుపుతూ వచ్చాడు. ఊళ్ళో వాళ్ళందరి బిల్లులకూ రెండేసి నకళ్ళు దాచే ఉద్యోగం అతనిది.

ఈ మధ్యాహ్నం మాలకొండయ్యను నెల్లూరు ఆసుపత్రిలో చేర్చాలి. రేపు ఆపరేషన్. అవన్నీ మళ్ళీ చెప్పమనడానికి వేళా లేదు, చెప్పడానికి గొంతూ లేదు.

ఉదయగిరి కొండ ఊరికన్నా ముందు కనిపిస్తుంది. ఎంత తోలినా దగ్గరికి రాదు. ఎదురుగా వచ్చిన గొర్రెల మంద రోడ్డు దాటేదాకా మల్లికార్జునం బండి ఆపి మళ్ళీ ఫోన్ చేశాడు. స్విచ్ ఆఫ్.

దేవకమ్మ వాకిట్లో చాప మీద దుప్పట్లు మడత పెడుతోంది.

"వదినా, ఫోను?"

"ముందు ఆ హెల్మెట్టు తీయి. దొంగోడు అనుకున్యా."

"ఫోను యాడుండాది వదినా? పాతది తీసేసినావా?"

"తీసేయమన్నావు గదా నువ్వు."

మల్లికార్జునం హెల్మెట్టు తీశాడు. గడప మీద కూలబడ్డాడు. లోపల మంచం మీద మాలకొండయ్య మెడకు తువ్వాలు చుట్టుకుని, ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నాడు.

"తీసేద్దామనే ఒత్తినా," దేవకమ్మ దుప్పటి అంచులు కలుపుతూ అంది. "అది నన్ను ఎదురు అడిగింది. దీంట్లో ఉండేదంతా పోతాది, సరేనా అని. సరే అని ఎట్ట ఒత్తేది? రేపట్నించి ఈయన గొంతు యాడ ఉండేది? దాంట్లోనే గదా! వద్దు అని ఒత్తినా. నువ్వు మళ్ళా ఫోన్ చేసి తీసేయి తీసేయి అని పీక్కుతింటావని, ఆఫ్ చేసి బియ్యం డబ్బాలో పెట్టినా."

మల్లికార్జునం ఆమెను చూశాడు. నవ్వు వచ్చింది, ఆపితే ఆగని నవ్వు, కళ్ళలో నీళ్ళు తెప్పించే నవ్వు.

"ఏందయ్యా, ఎర్రెత్తిందా నీకు?"

"పిచ్చి నాది కాదు వదినా, ఇన్నాళ్ళ నా ఉద్యోగానిది. ఆ డబ్బా తీసుకరా."

ఫోను బియ్యం గింజలతో సహా వచ్చింది. యాప్ తెరుచుకోకపోయినా లోపలి ఫైళ్ళు తీసుకోవడానికి ఒక దొడ్డిదారి యాప్ రాసినప్పుడే పెట్టుకున్నాడు. వైరు తగిలించి వాటిని లాప్‌టాప్‌లోకి లాగాడు. అక్కడి నుంచి తన ఫోనులోకి. అక్కడి నుంచి జేబులో ఉన్న పెన్‌డ్రైవ్‌లోకి. అన్నీ చేరాక తెర మీద చిన్న పచ్చటి టిక్కు పడింది. ఎవరు గీశారో గానీ, వంకర లేకుండా గీశారు. బతుకులో మొదటిసారి ఒక టిక్కును చూసి మల్లికార్జునం ఊపిరి పీల్చుకున్నాడు.

నమ్మకం కోసం ఒకటి నొక్కాడు.

"కోల్‌కతా. రెండో సగం," ఫోనులోంచి మాలకొండయ్య గొంతు, చినిగిన గోనెసంచిలా. "విజిలు ఏసినాడా, వానొచ్చేసింది. నా పక్కన ఒక ముసలాయన గొడుగు తెరిచినాడు. యెనకాలోళ్ళు తిట్టినారు..."

"ఆపురా," మంచం మీంచి అదే గొంతు, ఇంకా చినిగి. "నాకే ఇనబుద్ధి కావడంలా."

"నాకు ఇనబుద్ధి అయితాది. నువ్వు కమ్మున్యుండు అన్నా."

కారు మాట్లాడతానంటే మాలకొండయ్య ఒప్పుకోలేదు. బస్సులోనే పోతానన్నాడు. బస్టాండులో సిమెంటు బల్ల మీద ముగ్గురూ కూర్చున్నారు. మల్లికార్జునం తన ఫోనులో మామూలు రికార్డరు తెరిచి మధ్యలో పెట్టాడు.

"కోళికోడ్ ఒకటి మిగిలిపోయింది. వద్దులే అంటే వద్దు. నీ ఓపిక."

మాలకొండయ్య ఒక గుక్క నీళ్ళు తాగి, మరచెంబు మూత బిగించాడు. గుసగుసకన్నా కాస్త పైన, ఆగి ఆగి చెప్పాడు. వెదురు గ్యాలరీ ఊగడం. కుడివైపు ఆడే సన్నపోడి బూటు ఊడి జనంలో పడడం. వాడు ఒంటి బూటుతోనే పరుగెత్తడం. ఆ బూటు చేతులు మారి మారి చివరికి తన ఒళ్ళోకే రావడం.

"నీ ఒళ్ళోకా? అన్నా, ఇది మాత్రం కొడతుండావు!"

"దేవకమ్మ తోడు."

"నా మీద ఒట్లెందుకు? చచ్చేది నేనా?" అంది దేవకమ్మ.

"వాడు బంతి తీసుకుని గోలు దగ్గిరికి వచ్చినాడు. ఒక్క కాలికే బూటు. ఏ కాలితో తంతాడో కీపరుకు తెలీదు. నాకూ తెలీదు. వాడు కాలెత్తినాడు..."

నెల్లూరు బస్సు వచ్చి ఆగింది. మాలకొండయ్య లేచాడు.

"ఏ కాలితో తన్నినాడు?"

"వచ్చినాక చెప్తా."

"ఎట్ట చెప్తావు?" అని అడిగేశాక మల్లికార్జునం నాలుక కరుచుకున్నాడు.

"తన్ని చూపిస్తా," అన్నాడు మాలకొండయ్య. "గోలు చెప్పేదానికి గొంతెందుకురా? అంతా ఇప్పుడే చెప్పేస్తే నువ్వు చెంబు పారేసి ఇంటికి పోతావు."

"చెంబా?"

మాలకొండయ్య మరచెంబును అతని చేతుల్లో పెట్టాడు.

"ఆసుపత్రి లోపలికి ఇనప సామాను, ఇత్తడి సామాను ఏదీ రానీరంట. కాయితంలో రాసిచ్చినారు. మనిషి కూడా ఒకరే, అది మీ వదిన. నువ్వు గేటు బయట ఉండాల. ఈసారి మొదటి సగం నాది."

"రెండో సగం?"

"అది ఇద్దరం చూద్దాం లే."

కుర్ర కండక్టరు పెద్దాయనను గుర్తుపట్టి, తన సీటు ఇచ్చి పక్కకు జరిగాడు. దేవకమ్మ సంచులు సర్దుకుంది. విజిల్ వేయబోతున్న కుర్రవాణ్ణి మాలకొండయ్య చేయి అడ్డం పెట్టి ఆపాడు. పొడుగాటి వేళ్ళు మడిచి, కిటికీ కింద రేకు మీద టక్ టక్‌మని రెండుసార్లు కొట్టాడు. ముందున్న డ్రైవరు వెనక్కి చూడకుండానే గేరు వేశాడు. బస్సు కదిలింది. కిటికీలోంచి చేయి ఊపడం లాంటిది ఏదీ లేదు. ఆ అలవాటు కండక్టర్లకు ఉండదు.

మల్లికార్జునం బండి దగ్గరికి నడిచాడు. జేబులో ఫోను బుర్రుమంది. మేఘన మెసేజి. టిక్కు వంకర పోయిందట, ఒకసారి చూడమంది. చాలా బాగుందమ్మా అని, చూడకుండానే రాసేశాడు. రేపు సెలవు అని కూడా రాశాడు. కారణం అడిగే చోట, గేటు దగ్గర పని ఉంది అని పెట్టాడు.

లాప్‌టాప్ సంచిలో చెంబుకు చోటు చాలలేదు. లాప్‌టాప్‌నే ఒక పక్కకు తోసి, చెంబును తువ్వాలలో చుట్టి, నిలువుగా కూర్చోబెట్టి, సంచి ఎడమ భుజానికి మార్చుకుని బండి ఎక్కాడు. వచ్చేటప్పుడు ఎంతకీ దగ్గరికి రాని కొండ ఇప్పుడు వెనక నుంచి నెమ్మదిగా సాగనంపుతోంది. ఎక్కడా తొందర లేదు. రోడ్డు మీద గతుకు వచ్చినప్పుడల్లా వీపు వెనక మరచెంబులో మిగిలిన నీళ్ళు కదిలి, చెప్పబోయే ముందు ఎవరో గొంతు సవరించుకుంటున్నట్టు చిన్నగా చప్పుడు చేస్తూ వచ్చాయి.