పదిమందికి పదిమంది

బస్సు డిపోలో టైర్ల గోడౌనుకీ టికెట్ మిషన్లు బాగుచేసే గదికీ మధ్య ఇరుక్కుని ఒక డిస్పెన్సరీ ఉంది. అందులో నర్సమ్మ పదమూడేళ్ళుగా పనిచేస్తోంది. ఆమె దగ్గరికి ప్రధానంగా మూడు జబ్బులు వస్తాయి. డ్రైవర్ల నడుం నొప్పి, కండక్టర్ల గొంతు నొప్పి, ఆఫీసు గుమాస్తాలకు సోమవారం పొద్దున్నే తగులుకునే జ్వరం. మొదటి రెంటికీ మాత్రలున్నాయి. మూడోదానికి సర్టిఫికెట్టు ఒక్కటే మందు.

ఫుట్‌బాల్ జట్టు బాధ్యత ఆమె అడిగి నెత్తికెత్తుకున్నది కాదు. మైదానం పక్కన వైద్యం తెలిసిన మనిషి ఒకరు ఉండాలని టోర్నమెంటు వాళ్ళ నిబంధన. డిపో మొత్తానికి వైద్యం తెలిసింది ఆమెకే. కాబట్టి సెలవు రోజుల్లో కూడా సంచీ భుజానేసుకుని వచ్చి బెంచీ చివర కూర్చోవడం ఆమె ఉద్యోగంలో భాగమైపోయింది.

ఆ బెంచీకి మధ్యలో కూర్చునేవాడు కోచ్. అసలు ఉద్యోగం ట్రాఫిక్ సూపర్వైజరు. ఆయన బంతిని తన్నగా చూసినవాళ్ళు డిపోలో ఎవరూ లేరు. అయితేనేం, డిపో మేనేజరుకు స్వయానా బావమరిది. అంతకు మించిన అర్హత ఫుట్‌బాల్‌కు ఏం కావాలి? నోరు తెరిస్తే 'క్రీడాస్ఫూర్తి' అంటాడు గనక అందరూ ఆయన్ని స్ఫూర్తి సారు అంటారు. గంట ప్రాక్టీసులో నలభై నిమిషాలు ఆయన ఉపన్యాసం, మిగిలిన ఇరవై నిమిషాలు ఆ ఉపన్యాసం నుంచి ఆటగాళ్ళు కోలుకోవడం. అయినా ఆ జట్టు ఫైనల్‌కి వచ్చిందంటే దానికి కారణం పానా.

పానా ఇంజన్ మెకానిక్. పానా పట్టుకోకుండా అతన్ని చూసినవాళ్ళు తక్కువ కాబట్టి ఆ పేరు. బానెట్ ఎత్తకుండానే శబ్దం విని ఇంజన్ రోగం చెప్పేస్తాడు. మైదానంలోనూ అంతే. బంతి ఎటు రాబోతోందో బంతి కన్నా ముందే అతనికి తెలుస్తుంది. తల్లి డిపోలోనే సీట్ల కవర్లు కుడుతుంది. నర్సమ్మను 'అక్కా' అని పిలుస్తాడు. వరసకు కాదు, పదేళ్ళుగా అతని చేతివేళ్ళకు కట్లు కడుతున్నందుకు.

ఫైనల్ నీటి సరఫరా శాఖ జట్టుతో. ఆ జట్టు కోచ్ పైపుల మేస్త్రి. ఆయన నోట్లోంచి వచ్చే మాటల్లో సగం మురుగు పైపులోంచి వచ్చినట్టే ఉంటాయి. ఆట మొదలవకముందే స్ఫూర్తి సారు తన వాళ్ళను చుట్టూ నిలబెట్టుకుని, "అటు చూడండి, ఆయన్ని! నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది. మనం గెలిచినా ఓడినా విలువలు వదలకూడదు. తోటి మనిషి పడిపోతే లేపడమే అసలైన ఆట!" అన్నాడు. కళ్ళు కూడా కాస్త చెమర్చాయి. ఎవరివో కాదు, ఆయనవే.

మొదటి సగంలో ఒక గోలు వాళ్ళు కొట్టారు, ఒక గోలు పానా కొట్టాడు. రెండో సగం పదిహేనో నిమిషంలో మూల నుంచి బంతి గాల్లోకి లేచింది. పానా ఎగిరాడు. అవతలి జట్టు బ్యాకు కూడా ఎగిరాడు. రెండు తలలు ఢీకొన్న చప్పుడు గ్యాలరీ దాకా వినిపించింది. బ్యాకుకు కనుబొమ చీరి నెత్తురు కారింది గానీ వెంటనే లేచి నిలబడ్డాడు. పానాకు నెత్తురు చుక్క రాలేదు. ఆకాశం చూస్తూ పడి ఉన్నాడు. నర్సమ్మకు రెండోవాడే ఎక్కువ భయం పుట్టించాడు.

పరిగెత్తుకెళ్ళి, కదిలించకుండా మెడ తడిమి చూసింది. కాసేపటికి తనే లేచి కూర్చున్నాడు. మెల్లగా గీత బయటికి నడిపించుకొచ్చింది.

"ఇవాళ ఎవరితో ఆడుతున్నాం తమ్ముడూ?"

"కరెంటాఫీసు వాళ్ళతో కదా."

కరెంటాఫీసు వాళ్ళను ఓడించి వారమైంది.

"అక్కా, స్కోరెంత?"

"ఒకటి, ఒకటి."

"మనది ఎవరు కొట్టారు?"

"నువ్వే."

"నేనా!" అని మొహం వెలిగిపోయింది. అటూ ఇటూ చూశాడు. బూటు లేసు ముడి వేసుకోబోయి, ఎలా వేయాలో తెలియనట్టు ఆగిపోయాడు. మళ్ళీ తలెత్తి, "అక్కా, స్కోరెంత?" అన్నాడు.

మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ "నేనా!" అని అంతే సంబరపడ్డాడు. మూడోసారికి నర్సమ్మ, గేటు దగ్గర నిలిపిన అంబులెన్సు అక్కడే ఉందా అని అటు చూసింది.

స్ఫూర్తి సారు వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. "ఏమ్మా, ఐసు పెట్టావా? పంపించు మరి."

"పంపించే పరిస్థితి లేదు సార్. గోలు కొట్టింది కూడా గుర్తు లేదు."

"మరీ మంచిది కదా! గోలు కొట్టానన్న గర్వం ఉండదు. కొత్తగా దిగినవాడిలా ఆడతాడు."

"తలకు దెబ్బ తగిలింది సార్. దీని మీద ఇంకో దెబ్బ తగిలితే ప్రాణం మీదికొస్తుంది. ఆస్పత్రికి తీసుకెళ్ళాలి."

"మార్చడానికి మనకి మనిషి లేడు. ముగ్గుర్నీ వాడేశాం. వీణ్ణి తీస్తే పదిమందితో ఆడాలి, తెలుసా? అయినా నువ్వేమైనా డాక్టరువా?"

'మీరేమైనా కోచా?' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పదమూడేళ్ళ సర్వీసు గుర్తొచ్చి మింగేసింది. మాట పెంచితే ఆలస్యమవుతుందని, పానాను బెంచీ మీద కూర్చోబెట్టి, "ఇక్కడి నుంచి కదలకు" అని చెప్పి, అంబులెన్సు కోసం గేటు వైపు పరిగెత్తింది. డ్రైవరు వెనక తలుపు తీసి స్ట్రెచరు మీద ఆదమరిచి నిద్రపోతున్నాడు. అతన్ని లేపి, బండి గీత దాకా తెమ్మని చెప్పి వెనక్కి వచ్చేసరికి బెంచీ ఖాళీ.

పానా మైదానం మధ్యలో ఉన్నాడు. ఎద్దు పుండు కాకికి నొప్పా? స్ఫూర్తి సారు గీత మీద నిలబడి చప్పట్లు కొడుతున్నాడు.

బంతి పానా కాలి దగ్గరికి వచ్చింది. అందంగా ఆపాడు. ఒకణ్ణి తప్పించాడు, ఇంకొకణ్ణి తప్పించాడు. గ్యాలరీలో ముందు ఈలలు, తర్వాత నవ్వులు. అతను తప్పించిన ఇద్దరూ తన జట్టు వాళ్ళే. వెళ్తున్నది సొంత గోలు వైపు. గోలీగా ఉన్న కండక్టరు, జట్టు కెప్టెన్ కూడా అతనే, రెండు చేతులూ చాపి, "ఒరేయ్, నేన్రా! మనోణ్ణిరా!" అని అరుస్తున్నాడు.

"అదీ పోరాట పటిమ!" అన్నాడు స్ఫూర్తి సారు. దిక్కు ఏదైతేనేం, పరుగు పరుగే కదా.

నర్సమ్మ ఇక ఏమీ ఆలోచించలేదు. సంచీతో సహా గీత దాటి లోపలికి నడిచింది. నేరుగా పానా దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకుంది. ఈల మోగింది. ఆట ఆగింది. రిఫరీ రొప్పుతూ వచ్చాడు.

"అమ్మా, మీరు బయటికి నడవండి."

"నడుస్తాను. ఇతన్ని తీసుకునే నడుస్తాను."

"అతను ఆడొచ్చని వాళ్ళ కోచ్ చెప్పారు."

"తలలో ఏముందో కోచ్ చూసొచ్చారా అండీ?"

రిఫరీ జేబులోంచి పసుపు కార్డు తీసి నర్సమ్మ మొహం ముందు ఎత్తాడు. గ్యాలరీ గొల్లుమంది. గీత మీద నుంచి స్ఫూర్తి సారు గొంతు చించుకున్నాడు. "నర్సమ్మా! ఆటకు అడ్డం రావడం క్రీడాస్ఫూర్తికి విరుద్ధం!"

పానా కూడా చెయ్యి విదిలించుకున్నాడు. "వదులక్కా! ఫైనల్ ఆడనివ్వకపోతే నీ మొహం మళ్ళీ చూడను!" ఏడుస్తున్నాడు. ఆ మాట ఆమెకు కార్డు కన్నా గట్టిగా తగిలింది. అయినా చెయ్యి వదల్లేదు.

అప్పుడు అవతలి బెంచీ నుంచి పైపుల మేస్త్రి లేచాడు. ఆయన మొదటి వాక్యం ఇక్కడ రాయడానికి వీల్లేదు. స్ఫూర్తి సారు వంశవృక్షం అందులో నాలుగు కొమ్మల దాకా వచ్చింది. రెండో వాక్యం కాస్త నయం.

"ఏమయ్యా, ఆ కుర్రాడికి ఏ గోలు ఎవరిదో తెలీట్లేదు, నీకు కళ్ళు లేవా? తియ్యి బయటికి!"

"తీస్తే మాకు పదిమందే మిగులుతారు. మీకేం, బాగానే చెప్తారు!" అన్నాడు స్ఫూర్తి సారు.

"ఓహో, అదా నీ ఏడుపు?" మేస్త్రి మైదానంలోకి తిరిగి చెయ్యెత్తాడు. "ఒరేయ్ అల్లుడూ, బయటికి రా!"

అల్లుడంటే ఉత్త పిలుపు కాదు, సొంత కూతురి మొగుడు. ఆ రోజు వాళ్ళ గోలు కొట్టిందీ అతనే.

"నేనా మావయ్యా?"

"నువ్వే. మా అమ్మాయి ఏమన్నా అంటే నా మీదకు తొయ్యి. రా!"

అల్లుడు తల గోక్కుంటూ బయటికి వచ్చి కూర్చున్నాడు. "ఇప్పుడు పదిమందికి పదిమంది. ఇంకేమైనా ఉందా?" అన్నాడు మేస్త్రి. చివర ఇంకో మాట కూడా అన్నాడు గానీ గ్యాలరీ చప్పట్లలో అది కలిసిపోయింది.

స్ఫూర్తి సారు గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. అంతమంది చూస్తుండగా కాదనలేడు, అవునంటే ఆడించినవాడు తనే అని ఒప్పుకున్నట్టు. చివరికి చెయ్యి ఇలా ఊపి, "సరే, తీసుకెళ్ళు. నేనూ అదే అనుకుంటున్నాను" అన్నాడు.

అంబులెన్సు గేటు దాటకముందే పానా రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. ఆస్పత్రిలో స్కాను తీసిన డాక్టరు, తలలో కాస్త నెత్తురు చిమ్మిందనీ, ఆపరేషను అక్కర్లేకపోవచ్చు గానీ నాలుగు రోజులు కళ్ళల్లో పెట్టుకుని చూడాలనీ చెప్పాడు. "ఇంకాసేపు ఆడి ఉంటే?" అని నర్సమ్మ అడిగింది. ఆయన ఫైలు మూసి పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయాడు. షిఫ్టు మధ్యలోంచి వచ్చిన తల్లి వేలికి, కుట్టేటప్పుడు సూది గుచ్చుకోకుండా తొడుక్కునే అంగుస్తాను ఇంకా ఉంది. తీయడం మరిచిపోయి అలాగే కొడుకు పాదాలు నిమురుతూ కూర్చుంది.

ఆటలో నీటి సరఫరా వాళ్ళు రెండు ఒకటితో గెలిచారు. బహుమతుల సభలో మాత్రం న్యాయం పక్కాగా జరిగింది. కీలకమైన ఆటగాణ్ణి ఆరోగ్యం కోసం వదులుకున్నందుకు క్రీడాస్ఫూర్తి పతకం స్ఫూర్తి సారుకు వచ్చింది. మైదానంలో అసభ్యంగా మాట్లాడినందుకు మేస్త్రికి హెచ్చరిక వచ్చింది. అనుమతి లేకుండా మైదానంలోకి ప్రవేశించినందుకు నర్సమ్మకు డిపో నుంచి మెమో వచ్చింది. సంజాయిషీ ఇవ్వమంటే ఆమె ఒక్క ముక్క రాసింది: 'ప్రవేశించాను. అవసరమైతే మళ్ళీ ప్రవేశిస్తాను.'

మూడు వారాల తర్వాత పానా డిస్పెన్సరీకి వచ్చాడు. కండక్టరు కెప్టెన్ అప్పటికే స్టూలు మీద కూర్చుని, నోరు తెరిచి గొంతు చూపించుకుంటున్నాడు.

"అక్కా, సారు లేకపోతే నేను లేను. ఆస్పత్రికొచ్చి మరీ చెప్పారు, మ్యాచ్ పోయినా ఫర్వాలేదని నన్ను బయటికి లాగేశారంట. నాకా రోజు ఏదీ గుర్తే లేదు."

నర్సమ్మ టార్చి ఆపలేదు. "నాలుక బయట పెట్టండి" అంది కండక్టరుతో. కండక్టరు నాలుక బయట పెట్టాడు గానీ, అది ఇక లోపల కూర్చోలేదు. నిద్రపోతున్న అంబులెన్సు డ్రైవరు దగ్గర్నుంచి మేస్త్రి అల్లుడి దాకా, మేస్త్రి తిట్లతో సహా మొత్తం చెప్పేశాడు. గొంతు నొప్పి ఎటు పోయిందో.

పానా గోడకున్న కళ్ళ పరీక్ష అక్షరాల వైపు చూస్తూ అడిగాడు.

"నేను నిన్నేమైనా అన్నానా అక్కా?"

"అన్నావు. నా మొహం మళ్ళీ చూడనన్నావు."

"మరి?"

"చూస్తున్నావుగా. కూర్చో, బీపీ చూస్తా."

అతను కూర్చుని చెయ్యి చాపాడు. ఆమె పట్టీ చుట్టి, గాలి కొట్టడం మొదలుపెట్టింది.

ఆ వారమే ప్రాక్టీసు మళ్ళీ మొదలైంది. స్ఫూర్తి సారు పతకం జేబుకు తగిలించుకుని వచ్చి, "నాయకత్వం అంటే త్యాగం" అని ఎత్తుకున్నాడు. ఎదురుగా జట్టంతా గడ్డిలో కూర్చుని ఉంది. ఎవరూ బూట్లు వేసుకోలేదు. ఉపన్యాసం అయిపోయినా లేవలేదు.

"ఏమైందయ్యా?"

"ఒక కాగితం కావాలి సార్," అన్నాడు కండక్టరు. "ఆటగాడికి దెబ్బ తగిలితే నర్సమ్మ ఆడమంటేనే ఆడాలి, వద్దంటే బయటికే. మధ్యలో ఎవరి మాటా చెల్లదని రాసి సంతకం పెట్టండి."

"నా మీద నమ్మకం లేదా?"

"ఉంది సార్. అందుకే కాగితం అడుగుతున్నాం."

సారు బావగారికి ఫోను చేశాడు. బావగారు అవతల ఏమన్నాడో అప్పుడు ఎవరికీ వినపడలేదు. జట్టు లేకపోతే కోచ్ కూడా అక్కర్లేదన్నాడని డిపో టెలిఫోను ఆపరేటరు తర్వాత చెప్పింది. కాగితం ఆ సాయంత్రమే నోటీసు బోర్డెక్కింది. మర్నాడు దాన్ని చూపిస్తూ స్ఫూర్తి సారు, "ఎన్నాళ్ళ నుంచో నా మనసులో ఉన్న ఆలోచన" అని పై ఆఫీసు వాళ్ళకు వివరించాడు. నర్సమ్మ పక్కనే ఉండి విన్నది. ఎవరి ఆలోచనైతేనేం, సంతకం అసలుదే కదా అనుకుంది. మెమో సంగతి ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

పానాను ఆరు నెలలు ఆడొద్దన్నారు. అతను బెంచీ మీద ఆమె పక్కన కూర్చుని, బంతి ఎటు రాబోతోందో అరిచి చెప్పేవాడు. కొన్నాళ్ళకు జట్టు అతని అరుపులే వినడం అలవాటు చేసుకుంది. మైదానం వైపు వెళ్ళినప్పుడల్లా పైపుల మేస్త్రి ఆగి, అతన్ని నోరారా తిట్టి, ఆరోగ్యం అడిగి వెళ్ళేవాడు.

ఏడో నెలలో డాక్టరు సరేనన్నాడు. నర్సమ్మ అన్నీ రెండుసార్లు చూసి, కాగితం మీద సంతకం పెట్టింది. పానా మైదానంలోకి దిగాడు. అయిదో నిమిషంలోనే బంతి ఆకాశమంత ఎత్తున లేచి అతని మీదికే వచ్చింది. నర్సమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. ఏ చప్పుడూ వినిపించకపోతే మెల్లగా తెరిచింది. తల పక్కకు తీసి, బంతిని ఛాతీతో మెత్తగా దించుకుని, కాలికి అందించుకుని అతను అప్పటికే సగం మైదానం దాటేశాడు. ఈసారి అవతలి గోలు వైపే.

"చూశావా నర్సమ్మా?" అన్నాడు స్ఫూర్తి సారు మురిసిపోతూ. "అది నేను నేర్పిందే."

"అలాగా సార్," అంది నర్సమ్మ, కళ్ళు ఆట మీద నుంచి తిప్పకుండా. "కాస్త పక్కకు జరగండి, నాకు కనిపించట్లేదు."